కొట్టు సర్వరుకు సర్టిఫికెట్ చేసుకునే ముందు

విజయవాడ

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

గుంటూరు మిర్చి యార్డులోని మీ కమీషన్ కొట్టుకు తక్‌పట్టీలు (రైతు సరుకు అమ్మకం లెక్క చీటీలు) రాసే ప్రోగ్రామును నువ్వే తయారుచేశావనీ, అది కొట్టులోని కంప్యూటర్లన్నిటికీ బ్రౌజరులో అందేలా, ప్రోగ్రాము ఉన్న సర్వరు అసలైనదేనని బ్రౌజరుకు చూపే సర్టిఫికెట్ కూడా సొంతంగానే చేసుకోబోతున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఎంత పొంగిపోయానో, అంత కంగారూ పడ్డాను.

ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే సాఫ్ట్‌వేరుతో రూటు, అంటే మిగతా సర్టిఫికెట్లకు పూచీపడే మూల సర్టిఫికెట్, చేసి, దానితో సర్వరు సర్టిఫికెట్ మీద సంతకం చేసి, ఆ రూటును విండోస్‌లోని ట్రస్టెడ్ రూట్ జాబితాలోకి ఎక్కించడం నీకు తెలిసిన పనే. 2017లో వచ్చిన క్రోమ్ 58 నుంచి సర్టిఫికెట్‌లో కామన్ నేమ్ అనే గడిలోని పేరును ఆ బ్రౌజరు లెక్కచేయడం లేదు కనుక, సర్వరు ఐపీ అడ్రసును (నెట్‌వర్కులో దాని అంకెల చిరునామాను) సబ్జెక్ట్ ఆల్టర్నేటివ్ నేమ్ అనే గడిలో, అదీ డీఎన్ఎస్ (అక్షరాల పేరు) అని కాక ఐపీ అనే పేర్కొనాలి.

నా భయమంతా రూటు ప్రైవేట్ కీ గురించే, అంటే ఆ రూటు పేరుతో సంతకాలు చేసే రహస్య ఫైలు గురించే. నేను ఉద్యోగంలో ఉండగా ఒక కుర్రాడు, పనిమంతుడే, రూటు సర్టిఫికెట్‌నూ దాని కీనీ కలిపి ఒకే పీఎఫ్ఎక్స్ ఫైలుగా చేసి, పాస్‌వర్డును ఆ ఫైలు పేరులోనే పెట్టి, పెన్‌డ్రైవులో టేబులు టేబులుకూ తిప్పాడు. 'ఈ సైటు సురక్షితం కాదు' అని బ్రౌజరు చూపే హెచ్చరికలు మాయమయ్యాయి, అందరూ మెచ్చుకున్నారు. తర్వాత ఎవరో ఆ పెన్‌డ్రైవును జిరాక్సు షాపులో మరిచిపోయారు. ఆ కీ దొరికినవాడు మన వైఫైలోకి దూరాడంటే బ్యాంకు పేరుతోనే దొంగ సర్టిఫికెట్ పుట్టించి, మనకూ బ్యాంకుకూ మధ్యలో కూర్చుని అన్నీ చదవగలడు. మన రూటును నమ్మిన బ్రౌజరు కిక్కురుమనదు. ప్రతి కంప్యూటరు నుంచీ పాత రూటును తీసేసి, కొత్త కీతో మళ్ళీ మొదటి నుంచి చేసేదాకా క్యాష్ సెక్షనులో నెట్ బ్యాంకింగ్ ఆపేశారు. ఆ రోజు ఆ కుర్రాడు భోజనం క్యారియరు కూడా విప్పలేదు. సర్టిఫికెట్‌ను ఊరంతా పంచవచ్చుగానీ కీ చేతులు మారకూడదని అతనికి ముందుగా చెప్పినవాళ్ళు లేరు పాపం. 2011లో నెదర్లాండ్స్‌లోని డిజినోటార్ అనే సర్టిఫికెట్ల సంస్థలోకే దొంగలు చొరబడి గూగుల్ పేరుతో సర్టిఫికెట్ పుట్టించుకున్నారు. బ్రౌజర్లు ఆ సంస్థను నమ్మడం మానేశాయి, అది ఆ ఏడాదే దివాలా తీసింది.

మీ గుమస్తా రైతులకు డబ్బు పంపేది కూడా ఈ రూటును ఎక్కించే కంప్యూటరులోనే కదా! అందుకే రూటు కీకి గట్టి పాస్‌వర్డు పెట్టి, సంతకం అయిపోగానే దాన్ని సర్వరులో ఉంచకుండా, వేరే పెన్‌డ్రైవులో మీ నాన్నగారి బీరువాలో పెట్టించు. పని తెమలడం లేదని విసిగి, హెచ్చరిక వచ్చినప్పుడల్లా "అడ్వాన్స్‌డ్ నొక్కి లోపలికి వెళ్ళిపోండి" అని గుమస్తాలకు నేర్పావో, నేను ఊరుకోను. ఇవాళ మన పేజీలో నొక్కినవాళ్ళు రేపు బ్యాంకు పేజీలోనూ నొక్కుతారు. నీ తెలివి మీద నాకు అనుమానం లేదు తల్లీ, నీ తొందర మీదే.

ఫైర్‌ఫాక్స్ ఉన్న కంప్యూటరులో అది నమ్మే రూట్ల సొంత జాబితాను కూడా చూసుకో. బావగారి ఐఫోనులో రూటు ఉన్న ప్రొఫైల్ ఎక్కించడంతో పని అయిపోదు. సెట్టింగుల్లో జనరల్, అబౌట్, ఆ అడుగున సర్టిఫికెట్ ట్రస్ట్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి స్విచ్ వేయాలి. సర్వరు సర్టిఫికెట్ గడువు 825 రోజులు దాటినా ఆ ఫోను ఒప్పుకోదు. ఆదివారం యార్డుకు సెలవు కదా, నేనే వచ్చి చూస్తాను, అందాకా ఆ ఫోను జోలికి వెళ్ళకు.

ఇట్లు,
మామయ్య