అమ్మ, మునసబు, ఆండాళ్ళు: సఖినేటిపల్లి నుంచి హైదరాబాదు

ప్రశ్న ఇది: "అరవై దాటిన అమ్మని, కుక్కని, పిల్లిని ఒకే కారులో దూరప్రయాణం తీసుకెళ్ళాలి. ఎవరైనా చేశారా? ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?"

నేను చేశాను. ఒక్క జాగ్రత్తే చెప్తాను. జంతువుల పెత్తనం మొత్తం అమ్మకి అప్పజెప్పి, మీరు స్టీరింగ్ మాత్రం పట్టుకోండి. బోనులు, బెల్టులు, మాత్రలు అన్నీ దాని తర్వాతే. ఇంత ధీమాగా చెప్తున్నావు, ఎన్ని ప్రయాణాలు చేశావని అడక్కండి. ఒక్కటే చేశాను. రెండోది చేసే ఓపిక లేదు.

మాది సఖినేటిపల్లి దగ్గర ఊరు. వశిష్ఠ గోదావరి మా ఊరు దాటి ఇంకాస్త కిందికి పోతే అంతర్వేది దగ్గర సముద్రంలో కలిసిపోతుంది. నాన్నగారు పోయాక అమ్మ ఆ ఇంట్లో ఒక్కతే ఉండేది. 2022 జులై వరదలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిందని టీవీలో చెప్తుంటే నేను హైదరాబాదులో కూచుని గోళ్ళు కొరుక్కుంటున్నాను. మా ఇల్లు ఏటిగట్టుకి ఇవతల కాబట్టి నీళ్ళు రాలేదు. గట్టు మీద మాత్రం లంకలవాళ్ళు గేదెలతో, గిన్నెలతో, చంటిపిల్లలతో తడుస్తూ ఉన్నారు. ఫోన్ చేసి ఏడుపు గొంతుతో అడిగితే అమ్మ, "86లో 35 లక్షలొచ్చింది, ఇదీ ఒక వరదేనా" అంది.

ఈవిడని ఇంక అక్కడ ఉంచకూడదని ఆ రాత్రే అనుకున్నాను. ఒప్పించేసరికి కార్తీకమాసం వచ్చింది. ఒప్పుకుంది కూడా షరతు మీదే: "నేనొస్తే అవీ వస్తాయి."

"అవి" ఎవరో చెప్పాలి. మునసబు నాటు కుక్క, నల్లటివాడు, అప్పటికి తొమ్మిదేళ్ళు. పొద్దస్తమానం అరుగు మీద కూచుని వచ్చేపోయేవాళ్ళ ఆరా తీస్తున్నాడని నాన్నగారు ఆ పేరు పెట్టారు. మునసబులు, కరణాలు 1984లోనే పోయారు గానీ మా అరుగు మీద మాత్రం ఒకడు మిగిలాడు. ఆండాళ్ళు తెల్లపిల్లి. అమ్మ లెక్క ప్రకారం శుద్ధ శాకాహారి. మా ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. దానికి పొద్దున్న పాలు, మధ్యాహ్నం పెరుగన్నం, శనివారం రాత్రి మాతో పాటు ఉప్మా. "మా ఆండాళ్ళు నీచు వాసన తగిలితే తల తిప్పేసుకుంటుంది" అని అమ్మ ఏడేళ్ళు ఊరంతా చెప్పుకుంది. ఊరు కూడా అవునవునంది. ఎందుకంత తేలిగ్గా అవునందో నాకు తర్వాత తెలిసింది.

రైల్లో తేవచ్చుగా అంటారు. కుక్కని తేవాలంటే ఫస్ట్ ఏసీలో కూపేనో కేబినో మొత్తం మనకే రావాలి, లేదంటే గార్డు ఉండే పెట్టెలో కుక్కల గూట్లో పడెయ్యాలి. "మునసబుని సామాన్లతో వేస్తావా?" అని అమ్మ ఆ మాట అక్కడే తెంపేసింది. అసలు రైలు మాటెత్తితేనే కోనసీమవాళ్ళకి ఒళ్ళు మండుతుంది. కోటిపల్లి–నర్సాపురం లైను 2000-01లో మంజూరైంది. అప్పటికి నేను ఆరో క్లాసు. ఇప్పుడు నా జుట్టుకి రంగేసుకుంటున్నాను. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా వచ్చిన పట్టాలు ఏటి ఒడ్డున ఆగిపోయి అమలాపురం వైపు చూస్తూనే ఉన్నాయి. సరే, అది వేరే ఏడుపు.

కారే గతి అయింది. దారి దగ్గర మొదటి గొడవ. దిండి–చించినాడ వంతెనెక్కితే తిన్నగా పాలకొల్లు వైపు పడతాం. నేను అదే అన్నాను. అమ్మ పంటు అంది. పంటంటే మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే ఇంజను పడవ. సఖినేటిపల్లి రేవులో కారుతో సహా పంటెక్కితే అవతలి ఒడ్డు నర్సాపురం. "పెళ్ళయ్యాక పంటు మీదే ఈ ఊరొచ్చాను, వెళ్ళేప్పుడూ పంటు మీదే వెళ్తాను" అంది. వెళ్ళడమేమిటమ్మా, నాలుగు నెలలుండి వద్దువుగాని అన్నా వినలేదు. ఆ రేవులో వంతెన మాట చిన్నప్పటి నుంచీ ఎన్నికలకోసారి వింటున్నాను. అదే ఉండుంటే నాకు ఈ కథ ఉండేది కాదు.

రెండో గొడవ బోను గురించి. పిల్లి కోసం నేను తెప్పించిన ప్లాస్టిక్ బోనుని అమ్మ "ఎలకలబోనులా ఉంది" అని అటకెక్కించేసింది. రెండు వెదురుబుట్టలు తెచ్చి, ఒకదాని మీద ఒకటి బోర్లించి, కొబ్బరితాడుతో కట్టింది. లోపల తన పాత చీర ముక్క పరిచింది. చీర మాత్రం మంచి పనే. తెలిసిన వాసన పక్కనుంటే జంతువుకి సగం భయం తగ్గుతుంది. కొందరు మత్తుమాత్రలిమ్మంటారు, డాక్టర్ని అడక్కుండా ఇవ్వకండి. తాడు సంగతి ఇప్పుడు చెప్తాను.

పొద్దున్నే రేవుకి వెళ్ళేసరికి ఏటి మీద మంచు ఇంకా విడలేదు. పంటు మీద మా కారు, కొబ్బరికాయల ఆటో ఒకటి, బైకులు, కాలేజీ కుర్రాళ్ళు, చేపల గంపలతో ఇద్దరు ఆడవాళ్ళు. మునసబుని వెనకసీటుకి కట్టేసి నేను టికెట్టు డబ్బులిస్తున్నాను. నడి ఏట్లోకి రాగానే అమ్మ గోదాట్లో రూపాయిబిళ్ళ వేసి దణ్ణం పెట్టుకుంది. అంతటితో ఊరుకోవచ్చు కదా. ఆండాళ్ళు చేత కూడా దణ్ణం పెట్టించాలనిపించింది ఆవిడకి. తాడు విప్పింది.

నేను తల తిప్పేసరికి పిల్లి ముందుకాళ్ళు రెండూ అమ్మ చేతుల్లో జోడించి ఉన్నాయి. సరిగ్గా అప్పుడే పంటు ఇంజను గుర్రుమంది. ఆండాళ్ళు అమ్మ భుజం మీదికి, అక్కణ్ణుంచి బానెట్ మీదికి, అక్కణ్ణుంచి ఆటోలో కొబ్బరికాయల మీదికి దూకింది. పంటు అంచుకి అడ్డుగా ఇనపగొట్టాలే, వాటి సందుల్లోంచి పిల్లేమిటి, చంటిపిల్లాడే జారిపోగలడు. కింద వశిష్ఠ. నాకు కాళ్ళు ఆడలేదు. కాలేజీ కుర్రాళ్ళు "పట్టండ్రా, పట్టండ్రా" అని తలోవైపు నుంచీ వస్తుంటే అది మరింత బెదిరింది. కారులో మునసబు అద్దాలు పగిలేలా మొరుగుతున్నాడు.

ఉన్నట్టుండి పిల్లి ఆగింది. ముక్కు పైకెత్తింది. ఆ తర్వాత కంగారేమీ లేకుండా, పెళ్ళింట్లో వంటశాల ఎటుందో బాగా తెలిసిన చుట్టంలా నడుచుకుంటూ వెళ్ళి ఒకావిడ గంపలో తల దూర్చేసింది.

"అమ్మగారోయ్! మీ పిల్లి నా నెత్తళ్ళు తినేత్తందండీ!"

అమ్మ అటు చూసి, "అది మా పిల్లి కాదు" అంది.

"అదేటండీ, ఇప్పుడేగా మీ సేతిలోంచి దూకింది!"

"అది పెరుగన్నం తప్ప ముట్టదమ్మా."

"ముట్టేసింది కదండీ మరి. మీ ఈది సివర మా వదినింటికాడ రోజూ తింటదండి ఇది. నాకు తెల్దేటి!"

పంటు మొత్తం నవ్వింది. ఆటో అతను కూడా నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

నేను పట్టుకోబోతే ఆండాళ్ళు నోటినిండా నెత్తళ్ళు కరుచుకుని మా కారు కిందికి దూరిపోయింది. ముందు చక్రం పక్కనుంచి పైకెక్కి ఇంజను అడుగున ఎక్కడో నక్కింది. ఇక స్టార్ట్ చేస్తే దాని ప్రాణానికే మోసం. నర్సాపురం రేవు దగ్గరికొచ్చేస్తోంది. పంటు ఒడ్డుకి తగిలితే ముందు దిగాల్సింది మా కారే. వెనక బైకులవాళ్ళు అప్పుడే హారన్లు మొదలుపెట్టారు. అమ్మ డబ్బాలోంచి పెరుగన్నం తీసి చక్రం దగ్గర పెట్టింది. "ఆండాళ్ళూ, రా తల్లీ" అని పిలిచింది. తోక కూడా కదల్లేదు.

"పెరుగన్నానికి రాదండి" అంటూ చేపలావిడ ఒక గుప్పెడు ఎండు నెత్తళ్ళు చాచింది. నేను చెయ్యి పెట్టబోయాను. అమ్మ నా చెయ్యి పక్కకి తోసేసి, "నువ్వాగు, నీ దగ్గరికి రాదు" అని తన అరచెయ్యి పట్టింది. కార్తీకమాసం. తెల్లవారుజామున నదీస్నానం చేసి, దీపం వదిలి వచ్చిన చెయ్యి. ఆ వేళ సోమవారం కాకపోవడమొక్కటే అదృష్టం. అరవై మూడేళ్ళ మనిషి, మోకాళ్ళు సరిగ్గా వంగని మనిషి, ఆ తడి ఇనపరేకుల మీద కూలబడి కారు కిందికి చెయ్యి చాచింది.

ముందు మీసాలొచ్చాయి, తర్వాత తల వచ్చింది. అమ్మ అరచేతిలో మొహం పెట్టి కళ్ళు మూసుకుని తినడం మొదలుపెట్టింది. అమ్మ రెండో చేత్తో దాని మెడ పట్టుకుని, ఎవరికీ వినపడకూడదన్నట్టు అంటోంది: "తిను, తిను. ఇన్నాళ్ళూ చెప్పి చావొద్దూ?"

బుట్టలో పెట్టి తాడు నేనే కట్టాను, మూడు ముళ్ళు. చేపలావిడ డబ్బులొద్దంది. అమ్మ బలవంతంగా ఇచ్చి, నా వైపు చూడకుండా, "ఇంకో పావుకిలో పొట్లం కట్టమ్మా, దూరం వెళ్ళాలి" అంది. తర్వాత రేవులో మూడుసార్లు చెయ్యి కడుక్కుంది. పాలకొల్లు దాకా మాట్లాడలేదు.

భీమవరం దాటాక ఆకివీడు మీదుగా కైకలూరు వైపు ఎప్పుడైనా వెళ్ళారా? రోడ్డుకి అటూ ఇటూ చెరువులే. గిర్రున తిరిగే ఏరియేటర్లు, చేపల లారీలు. అద్దాలు మూస్తే కారులో నెత్తళ్ళ కంపు, తెరిస్తే చెరువుల కంపు. బుట్ట సందులోంచి ముక్కు బయటపెట్టుకుని సుఖపడింది ఆండాళ్ళు ఒక్కతే. ఆకివీడు దగ్గర మునసబు వాంతి చేసుకున్నాడు. బయల్దేరే ముందు మూడు నాలుగు గంటలు కుక్కకి ఏమీ పెట్టొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. అమ్మ నాలుగిడ్లీలు పెట్టిందిట, "ప్రయాణమయ్యేవాణ్ణి ఖాళీ కడుపుతో పంపుతారా?" అని. అవును, పెత్తనం అమ్మకే ఇమ్మన్నాను. ఇప్పటికీ అదే అంటాను. ఎందుకో చెప్తాను.

మా అమ్మ తన కోసం కారాపమని చచ్చినా అడగదు. ఇదివరకు మేమిద్దరం కారులో వచ్చినప్పుడు సూర్యాపేట దాకా కిమ్మనకుండా కూచుని, దిగేసరికి అడుగు తీసి అడుగు వెయ్యలేకపోయింది. ఈసారి ప్రతి గంటకీ ఏదో ఒకటి. "మునసబుకి దాహమేస్తోందేమోనే." "వాడు అటూ ఇటూ కదులుతున్నాడు, ఓసారి దింపవే." ఆపుతుంటే వాడు దిగి, ఒక స్తంభం వాసన చూసి, ఊరికే నిలబడేవాడు. అమ్మ మాత్రం గొలుసు పట్టుకుని పది నిమిషాలు అటూ ఇటూ నడిచేది. గుడివాడ దాటాక గానీ దాహం ఎవరిదో, పట్టేసిన కాళ్ళెవరివో నాకు వెలగలేదు. ఆ తర్వాత ఆవిడ అడక్కముందే నేనే "మునసబుకి ఒకసారి నడక కావాలేమో అమ్మా" అనడం మొదలుపెట్టాను. మేమిద్దరం ఒప్పందం చేసుకున్నట్టు వాడి పేరు మీదే హైదరాబాదు చేరాం.

భోజనం దగ్గర మాత్రం నరకమే. హైవే మీద ఒక హోటలతను "కుక్క కనపడితే కస్టమర్లు రారండి" అన్నాడు. ఆ మాటంటున్నప్పుడు అతని బల్లల కిందే రెండు వీధికుక్కలు పడుకునున్నాయి. జంతువుల్ని కారులో పెట్టి తాళమేసి వెళ్ళొద్దు, అద్దం కాస్త దించినా సరే. నిలబెట్టిన కారు ఎంత తొందరగా వేడెక్కుతుందో మనకి తెలీదు, కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. అందుకని వంతులేసుకున్నాం. నేను తినొచ్చాను. ఆవిడ కార్తీకం పేరు చెప్పి బయటి తిండి ముట్టకుండా రెండు అరటిపళ్ళతో సరిపెట్టింది.

ఇంటికొచ్చాక మా అపార్ట్‌మెంటువాళ్ళు కుక్క లిఫ్టెక్కకూడదన్నారు. పెంపుడు కుక్కల్ని అలా ఆపే హక్కు సంఘాలకి లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది, ఆ కాగితం తీసి చూపించాను. ఆ తగువు గురించి ఎవరైనా వేరే ప్రశ్న అడిగితే అక్కడ రాస్తాను, చాలా ఉంది.

వారం తర్వాత రెండింటికీ రేబిస్ టీకాలు వేయించడానికి తీసుకెళ్తే డాక్టరమ్మ పిల్లికేం పెడతారని అడిగింది. అమ్మ "పెరుగన్నం" అంది. పిల్లులకి టారిన్ అనేది ఒకటి కావాలిట, దాన్ని అవి ఒంట్లో సరిపడా తయారుచేసుకోలేవుట, మాంసం, చేపల నుంచే రావాలిట. లేకపోతే కళ్ళు, గుండె దెబ్బతింటాయిట. "ఏడేళ్ళు ఉత్త పెరుగన్నంతో ఇంత నిగనిగలాడుతోందా?" అని ఆవిడ ఆశ్చర్యపోయింది. నేను గోడ మీద క్యాలెండరు చూశాను. అమ్మ తన చెప్పులు చూసుకుంది. ఉప్పు పట్టించిన ఎండుచేపలు మాత్రం పెట్టకండని చెప్పి పంపింది.

అప్పట్నుంచి మా బాల్కనీలో ఒక మూలన తులసి, ఆ చివర మూలన గట్టి మూత ఉన్న ఒక సీసా. ఉప్పు వెయ్యని నెత్తళ్ళు ఎక్కడ దొరుకుతాయో మా వాచ్‌మన్‌కి అమ్మే నేర్పింది. నాలుగు నెలలకని వచ్చిన మనిషి ఇప్పటికీ ఇక్కడే ఉంది. మొన్న ఊళ్ళో మా వీధి చివరావిడ ఫోన్ చేసింది, ఆ చేపలావిడ వదినే. కుశలాలన్నీ అయ్యాక, "ఆండాళ్ళు అక్కడేం తింటందండీ అమ్మగారూ?" అని అడిగింది.

"ఏం తింటుందమ్మా, పెరుగన్నమే" అంది అమ్మ, సీసా మూత బిగిస్తూ.

"అవునండి, దానికి పెరుగన్నమంటే పేణం" అంది అవతలావిడ.