టర్న్‌టేబుళ్లు (రికార్డులు తిప్పే యంత్రాలు) లేకుండా, కేవలం సాఫ్ట్‌వేర్‌తో డీజే నేర్చుకుంటే అది అసలైన విద్యేనా?

ముమ్మాటికీ అసలైనదే. పెళ్లి రిసెప్షన్లలో పాటలు వేస్తుంటాను. నేర్చుకున్నదంతా ల్యాప్‌టాప్ మీదే. ముందు రికార్డుల మీద చేయి తిరగాలని సలహా ఇచ్చేవాళ్లను నేను ఒకటే అడుగుతాను: ఏ రికార్డుల మీద? 1980ల్లో క్యాసెట్లు వచ్చి మన గ్రామఫోన్ రికార్డులను మూలకు నెట్టేశాయి. ఇప్పుడు జనం ఎగిరే తెలుగు పాటలు రికార్డుల మీద దాదాపు దొరకవు. పాత సామాన్ల అంగట్లో దొరికే గీతలు పడ్డ రికార్డులతో సాధన చేసి ఏ పెళ్లిలో వేస్తారు?

న్యూయార్క్ బ్రాంక్స్‌లో 1970ల్లో కూల్ హెర్క్ అనే డీజే ఒకే రికార్డు ప్రతులు రెండు పెట్టుకుని, డ్రమ్స్ మోగే ముక్కను మళ్లీ మళ్లీ వినిపించాడు. ఆయన చేతికందిన సరంజామా అది. 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 టర్న్‌టేబుల్ కూడా ఇంట్లో పాటలు వినేవారి కోసం తయారైనదే, డీజేలు దాన్ని తమ పనిముట్టుగా మార్చుకున్నారు. మన చేతికందింది ల్యాప్‌టాప్. ఇందులో నామోషీ ఏముంది?

నా పేచీ సింక్ బటన్‌తో, అంటే రెండు పాటల దరువును సాఫ్ట్‌వేరే కలిపేసే మీటతో. తెనాలిలో ఒక రిసెప్షన్. పెళ్లికూతురి తాతగారు మనవడితో ఒక పాట అడిగించారు. 1970ల నాటి యుగళగీతం. నా పక్కనున్న కుర్రాడు వెంటనే సింక్ నొక్కాడు. పల్లవి దాకా బాగానే ఉంది. చరణంలోకి వెళ్లేసరికి తబలా ఒక దారి, కింద మోగుతున్న కొత్త పాట దరువు ఇంకో దారి. కారణం చిన్నదే. సాఫ్ట్‌వేర్ మామూలుగా పాట పొడవునా సమాన దూరంలో గీతలు గీసుకుని, ప్రతి దెబ్బా ఆ గీత మీదే పడుతుందనుకుంటుంది. కంప్యూటర్‌లో కట్టిన పాటకు అది సరిపోతుంది. వాద్యబృందమంతా కలిసి కూర్చుని వాయించిన పాటలో లయ కాస్త ముందుకూ వెనక్కూ ఊగుతుంది.

సింక్ తీసేశాను. హెడ్‌ఫోన్ ఒక చెవికి పెట్టుకుని, జాగ్ వీల్ (పాటను ముందుకూ వెనక్కూ జరిపే గుండ్రటి చక్రం) అంచును వేలితో కొద్దికొద్దిగా నెడుతూ, కొద్దికొద్దిగా ఆపుతూ చరణం మొత్తం నడిపించాను. తెర మీద గీతలు వేలెడంత తేడాతో కనబడుతున్నాయి. చెవికి మాత్రం తబలా, డ్రమ్ము ఒకే దెబ్బగా పడుతున్నాయి. నాలో నేను మురిసిపోతుంటే తాతగారు కర్ర ఊతంగా బల్ల దాకా వచ్చి, “బాబూ, ఆ డబడబ ఆపేసి పాట వినిపించు” అన్నారు. ఆపేశాను. పెద్దాయన కుర్చీ లాక్కుని స్పీకరు దగ్గరే కూర్చున్నారు.

కాబట్టి సాధన చేసేటప్పుడు తెర మీద తువ్వాలు కప్పండి. నేను నేటికీ అలాగే చేస్తాను. మిక్స్ (Mixxx) అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. అది చూపే బీపీఎం (నిమిషానికి ఎన్ని దెబ్బలు) అంకెను గుడ్డిగా నమ్మవద్దు. 70 ఉన్న పాటను 140గా చూపించడం ఈ సాఫ్ట్‌వేర్లకు మామూలే, తీన్మార్ దరువు వస్తే మరీ తికమకపడతాయి. పాదంతో తాళం వేసి మీరే లెక్కపెట్టుకోండి. డబ్బుంటే, జనానికి వెళ్లే శబ్దమూ మీ హెడ్‌ఫోన్‌కు వచ్చే శబ్దమూ వేరువేరుగా ఇచ్చే చిన్న కంట్రోలర్ కొనండి. తరువాతి పాటను ముందే చాటుగా వినలేకపోతే మీరు చేస్తున్నది డీజే కాదు, పాటల వరుస నడపడమే.

ఇంకొకటి. ఎక్కడెక్కడి నుంచో దించుకున్న 128 కేబీపీఎస్ పాటలు (బాగా కుదించిన ఫైళ్లు) ఫోన్‌లో బాగానే వినిపిస్తాయి, పెద్ద బాక్సుల్లో తాళాల మోత చిల్లపెంకులు గలగలలాడించినట్టుంటుంది. లక్షలు పోసి పూల మంటపం కట్టించినవాళ్లు కూడా ఫోన్ చాపి “ఈ పాట వేసేయండి” అంటారు. చూస్తే అది వాట్సాప్‌లో వచ్చిన వీడియో, మధ్యలో ఎవరో దగ్గుతుంటారు.