రష్యా విప్లవాన్ని మాటల వెంట చదవడం: హారికకు పెదనాన్న లేఖ

చిరంజీవి హారికకు,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన నోట్సు ఫొటోలు అన్నీ చూశాను. డ్యూమా, సోవియెట్, కాడెట్లు, ఎస్‌ఆర్‌లు, మెన్షెవిక్కులు, చెకా, నెప్... ఒక్కో పదానికి ఎదురుగా రెండేసి లైన్ల అర్థం రాసుకున్నావు. తప్పులు పెద్దగా లేవు. అయినా ఈ పద్ధతి ఇక్కడితో ఆపేయమని చెప్పడానికే ఈ ఉత్తరం. మెయిన్స్‌లో నిన్ను సోవియెట్ అంటే ఏమిటని అడగరు. ఆ మాట వెనక జరిగిన తగాదా నీకు ఎంతవరకు తెలుసో చూస్తారు. కాలేజీలో ఇన్నేళ్లు ఈ పాఠం చెప్పాను కదా, అర్థాలు బట్టీ పట్టిన పిల్లలు 1905 దాకా బాగానే నడుస్తారు. 1917 ఏప్రిల్‌కి వచ్చేసరికి అంతా కలగాపులగం అవుతుంది. ఎందుకంటే అప్పటికి అవే పేర్లు, అవే పార్టీలు, కానీ వాళ్లు అడుగుతున్నది మారిపోయి ఉంటుంది.

అందుకని ప్రతి పదం పక్కన అర్థం బదులు ఒక తేదీ, ఒక తగాదా రాసుకో. ఆ రోజు ఆ మాట ఎవరు, ఎవరికి ఎదురుగా అన్నారో రాసుకో. అది తెలిస్తే అర్థం దానంతట అదే వస్తుంది.

బోల్షివిక్కులు, మెన్షెవిక్కులతో మొదలుపెట్టు. 1903లో రష్యన్ సోషల్ డెమోక్రాట్ల రెండో మహాసభ బ్రస్సెల్స్‌లో మొదలై, అక్కడి పోలీసుల ఒత్తిడితో లండన్‌కు మారింది. పార్టీ సభ్యుడు ఎవరు అన్న నియమం దగ్గర లెనిన్‌కూ మార్తోవ్‌కూ చెడింది. పార్టీ సంస్థలో స్వయంగా పనిచేసేవాడే సభ్యుడు అని లెనిన్, సంస్థ ఆధ్వర్యంలో క్రమంగా సహకరించినా చాలు అని మార్తోవ్. ఇక్కడ ఒక విషయం చాలా పుస్తకాలు దాటేస్తాయి: ఆ నియమం మీద ఓటింగ్‌లో గెలిచింది మార్తోవే. తరవాత యూదు కార్మిక సంఘమైన బుంద్ ప్రతినిధులు, మరికొందరు సభ నుంచి వెళ్లిపోయారు. అప్పుడు ‘ఇస్క్రా’ పత్రిక సంపాదకవర్గం ఎన్నికలో లెనిన్ పక్షానికి మెజారిటీ వచ్చింది. లెనిన్ పక్షానికి బోల్షివిక్కులు, అంటే ‘మెజారిటీవాళ్లు’, అన్న పేరు ఆ ఓటింగ్‌తో వచ్చి అలాగే నిలిచిపోయింది. 1917 వేసవిలో సోవియెట్లలో వాళ్లు మైనారిటీగా ఉన్నప్పుడూ పేరు అదే. పేరు చూసి బలం అంచనా వేయకూడదని నేను క్లాసులో పదేపదే చెప్పేవాణ్ని.

డ్యూమా గురించి నువ్వు ‘రష్యా పార్లమెంటు’ అని రాశావు. అది సరిపోదమ్మా. 1905 జనవరిలో ఫాదర్ గపోన్ వెంట జారుకు అర్జీ ఇవ్వడానికి వెళ్లిన కార్మికుల మీద కాల్పులు జరిగాయి. ఆ ఏడాది పొడవునా సమ్మెలు, జపాన్ చేతిలో ఓటమి, అక్టోబరులో దేశమంతా సార్వత్రిక సమ్మె. వీటన్నిటి ఒత్తిడితో మంత్రి విట్టే సలహా మీద జారు రెండో నికోలస్, ఎన్నికైన డ్యూమా ఆమోదం లేకుండా ఏ చట్టమూ రాదని మాట ఇస్తూ అక్టోబరు ప్రకటన ఇచ్చాడు. కానీ 1906 ఏప్రిల్‌లో వచ్చిన మౌలిక చట్టాల్లో ‘నిరంకుశ ప్రభువు’ అన్న బిరుదు అలాగే ఉంది. మంత్రులు డ్యూమాకు జవాబుదారీ కారు. మొదటి డ్యూమా మూడు నెలలు కూడా నిలవలేదు, రెండోది మూడు నెలలు దాటి కొద్ది రోజులే నిలిచింది. 1907 జూన్ 3న ప్రధాని స్తోలీపిన్ ఎన్నికల చట్టాన్నే మార్చి భూస్వాములకు బలం పెంచాడు. నిండు గడువు నడిచింది అలా ఏర్పడిన మూడో డ్యూమాయే. కాబట్టి ‘డ్యూమా’ అని రాసిన ప్రతిచోటా ఏ డ్యూమానో రాయి. ఉదారవాదులైన కాడెట్లు బలంగా ఉన్న మొదటి డ్యూమా, అక్టోబరు ప్రకటనతో తృప్తిపడ్డ అక్టోబరిస్టులు ముందున్న మూడో డ్యూమా ఒకటి కావు.

ఇక సోవియెట్. నోట్సులో దీనికి ఒకటిన్నర లైనే ఇచ్చావు, నేనైతే నాలుగు పేజీలు ఇస్తాను. ఈ ఒక్క మాటను 1905 నుంచి 1921 దాకా పట్టుకుని నడిస్తే విప్లవం మొత్తం చేతికి వస్తుంది.

1905 అక్టోబరులో సెయింట్ పీటర్స్‌బర్గ్ సోవియెట్ అంటే ఫ్యాక్టరీలు పంపిన ప్రతినిధుల సమ్మె కమిటీ. దాని నాయకుల్లో ట్రాట్‌స్కీ ఉన్నాడు. డిసెంబరులో అందరినీ అరెస్టు చేశారు. 1917 ఫిబ్రవరిలో అదే ఊరు పెట్రోగ్రాద్ పేరుతో రొట్టె కోసం వీధికెక్కింది. ముందు మహిళా కార్మికులు, తరవాత సైనికులు. అప్పుడు తౌరిద్ ప్యాలెస్‌లో ఒక పక్క డ్యూమా నాయకుల కమిటీ, ఇంకో పక్క కొత్త సోవియెట్ కూర్చున్నాయి. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు. ద్వంద్వాధికారం అని మనం రాసేది దీన్నే. మార్చి 1న సోవియెట్ ఇచ్చిన ఒకటో నంబరు ఉత్తర్వు చూడు: డ్యూమా సైనిక కమిషన్ ఆదేశాలు సోవియెట్ ఆదేశాలకు విరుద్ధంగా లేకపోతేనే సైనికులు పాటించాలి, ఆయుధాలు సైనికుల కమిటీల అదుపులో ఉండాలి. మార్చి 9న యుద్ధమంత్రి గుచ్కోవ్ సైన్యాధికారికి రాసిన ఉత్తరంలో, జారు గద్దె దిగాక డ్యూమా నాయకులు ఏర్పరచిన తాత్కాలిక ప్రభుత్వం దగ్గర నిజమైన అధికారం లేదని, సైన్యం, రైల్వే, తపాలా సోవియెట్ చేతిలోనే ఉన్నాయని ఒప్పుకున్నాడు. జవాబులో ఈ ఉత్తరాన్ని తప్పకుండా ప్రస్తావించు.

ఇక్కడే అసలు ప్రశ్న పుడుతుంది. బలం ఉన్న సోవియెట్ అధికారం ఎందుకు తీసుకోలేదు? దాన్ని నడిపింది మెన్షెవిక్కులు, ఎస్‌ఆర్‌లు (రైతుల పక్షం వహించిన సోషలిస్టు రివల్యూషనరీలు). ఇది బూర్జువా విప్లవ దశ, ప్రభుత్వాన్ని బూర్జువాలే నడపాలి, మనం పక్కనుండి కాపలా కాయాలి అన్నది మెన్షెవిక్కుల నమ్మకం. లెనిన్ ఏప్రిల్ 3న పెట్రోగ్రాద్ చేరి, మర్నాడే తన ఏప్రిల్ థీసిస్‌లో దీన్ని కాదన్నాడు. అప్పటికి సొంత పార్టీవాళ్లే చాలామంది ఆయనతో ఏకీభవించలేదు. ‘సర్వాధికారాలూ సోవియెట్లకే’ అన్న నినాదాన్ని, సోవియెట్లలో తమ పార్టీ మైనారిటీగా ఉన్నప్పుడే బోల్షివిక్కులు ఎత్తుకున్నారు. జులై అల్లర్ల తరవాత పార్టీ మీద అణచివేత మొదలవగానే దాన్ని పక్కన పెట్టారు. ఆగస్టు చివర్లో జనరల్ కోర్నిలోవ్ పెట్రోగ్రాద్ మీదికి సైన్యాన్ని పంపాడు, అది విఫలమైంది. ఆ తరవాత పెట్రోగ్రాద్, మాస్కో సోవియెట్లలో బోల్షివిక్కులకు మెజారిటీ వచ్చింది, నినాదం మళ్లీ పైకొచ్చింది, అక్టోబరులో దాంతోనే అధికారం పట్టుకున్నారు. చివరికి 1921 మార్చిలో క్రోన్‌స్టాట్ నౌకా స్థావరంలోని నావికులు రహస్య ఓటింగుతో సోవియెట్లకు కొత్త ఎన్నికలు పెట్టమని బోల్షివిక్కుల మీదే తిరగబడ్డారు. అదే మాట, ఎదురు దిక్కు నుంచి. ఇది నీకు బాధ కలిగిస్తే మంచిదే. బాధ కలగకుండా చదివితే ఆ పదహారేళ్లు నీకు అర్థం కానట్టే లెక్క.

రాజ్యాంగ సభ గురించి తొందరపడి తీర్పు చెప్పకు. అన్ని పార్టీలూ కోరిన సభ అది. 1917 నవంబరులో ఎన్నికలు మొదలయ్యాయి, ఎస్‌ఆర్‌లది మొదటి స్థానం, బోల్షివిక్కులకు దాదాపు పావు వంతు ఓట్లు. సభ 1918 జనవరి 5న ఒక్కసారి కూర్చుంది, ఎస్‌ఆర్ నాయకుడు చెర్నోవ్ అధ్యక్షుడు. మర్నాడు రద్దు చేశారు. ఎస్‌ఆర్ పార్టీ చీలకముందు తయారైన జాబితాలతో ఎన్నిక జరిగిందని, సోవియెట్లు అంతకంటే ఉన్నతమైన ప్రజాస్వామ్యమని లెనిన్ వాదన. సార్వత్రిక ఓటుతో వచ్చిన తీర్పును తుపాకీతో పక్కకు నెట్టారన్నది ఎదుటివాళ్ల మాట. రెండూ పూర్తి బలంతో రాశాక నీ అభిప్రాయం రాయి. నా మటుకు నాకు, జాబితాల వాదనలో నిజం ఉన్నా, మళ్లీ ఎన్నిక పెట్టకపోవడానికి అది జవాబు కాదు.

తేదీల టెన్షన్ అక్కర్లేదు. రష్యా పాత క్యాలెండరు మనదానికి 13 రోజులు వెనక. అందుకే బోల్షివిక్కులు అధికారం పట్టుకున్న అక్టోబరు 25 అంటే నవంబరు 7. 1918లో జనవరి 31 మర్నాడే ఫిబ్రవరి 14 వచ్చింది. నేను పైన రాసినవి అంతకుముందువైతే పాత తేదీలే. జవాబు మొదట్లో ఏ లెక్క వాడుతున్నావో ఒక వాక్యంలో చెప్పి ముందుకెళ్లు.

బోల్షివిక్కుల రహస్య పోలీసు అయిన చెకాకు తేదీ, దాని అధిపతి జెర్జిన్‌స్కీ పేరు ఉన్నాయి, చాలు. నెప్ (కొత్త ఆర్థిక విధానం) దగ్గర మాత్రం ఒకటి కలుపు. 1921 మార్చిలో పదో పార్టీ మహాసభ రైతు దగ్గర ధాన్యం బలవంతంగా లాక్కోవడం ఆపి, పంట రూపంలో పన్ను పెట్టింది. అదే సభ పార్టీలో ముఠాలను నిషేధించింది. మార్కెట్‌కు తలుపు తెరుస్తూనే పార్టీలో చర్చకు తలుపు మూశారు. ఈ రెండింటినీ వేరువేరు పేజీల్లో రాసుకుంటే స్తాలిన్ దగ్గరికి వెళ్లేటప్పుడు దారి దొరకదు.

ఈ వారం ఇదే పని ‘ఫాసిస్టు’ అన్న పదంతో చెయ్యి. 1919 మార్చిలో ఇటలీలోని మిలాన్‌లో ముసోలినీ పెట్టిన బృందం ఎనిమిది గంటల పనిదినం, స్త్రీలకు ఓటు అడిగింది. 1920-21లో పో లోయలో అదే పేరుతో దళాలు రైతుకూలీ సంఘాల కార్యాలయాలు తగలబెట్టాయి. 1922 అక్టోబరులో రోమ్ మీదికి కదిలిన ఫాసిస్టులను ఆపే సైనిక పాలన ఉత్తర్వు మీద రాజు సంతకం పెట్టలేదు, ముసోలినీ రైలెక్కి రోమ్ చేరి ప్రధాని అయ్యాడు. ఈ మూడు తేదీల మధ్య దళాలకు డబ్బు ఎవరిచ్చారు, పోలీసులు ఎందుకు చూస్తూ ఊరుకున్నారు అన్నది వెతికి, 250 మాటల్లో రాసి ఆదివారానికి పంపు. ఎర్రపెన్నుతో దిద్ది వెంటనే తిప్పి పంపుతాను. రాత్రి రెండింటి దాకా చదువుతున్నావని మీ అమ్మ చెప్పింది, అది తగ్గించు.

ఆశీస్సులతో,
పెదనాన్న