క్యాబేజీలో పూత కాడ: బోరాన్ లోపమేనా?

ప్రశ్న: పొలం సిద్ధం కాక 55 రోజుల క్యాబేజీ నారు నాటాను. తర్వాత ఆరు వారాలు గట్టి చలి. ఇప్పుడు సగం మొక్కలు గడ్డ కట్టకుండా పూత కాడ వేస్తున్నాయి. బోరాన్ లోపమని డీలర్ బోరాక్స్, జిబ్బరెల్లిక్ ఆమ్లం ఇచ్చారు. కొట్టమంటారా? విత్తనం నకిలీదా?
– ఒక రైతు

జవాబు: బోరాన్ లోపమూ కాదు, నకిలీ విత్తనమూ కాదు. తప్పు 55 రోజుల నారుతోనే మొదలైంది.

లేత నారు చలిని పెద్దగా పట్టించుకోదు. కాండం పెన్సిలంత, అంటే సుమారు 6 మి.మీ. లావెక్కాక 4–10 డిగ్రీల చలి వారాల తరబడి తగిలితే మొక్క పూతకు తిరుగుతుంది. పూతను ఆపి ఉంచేది ఎఫ్‌.ఎల్‌.సి. అనే జన్యువు. కణంలో డీఎన్ఏ హిస్టోన్ ప్రొటీన్ల చుట్టూ ఉండకు దారంలా చుట్టుకుని ఉంటుంది. చుట్ట వదులుగా ఉన్నచోట జన్యువు పనిచేస్తుంది, బిగుసుకుంటే ఆగిపోతుంది. చలి సాగితే పాలీకోంబ్ అనే ప్రొటీన్ల జట్టు ఈ జన్యువు దగ్గరి హెచ్3 రకం హిస్టోన్లలో 27వ స్థానంలో ఉన్న లైసిన్ అనే అమైనో ఆమ్లానికి మూడేసి మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు తగిలించి దాన్ని మూసేస్తుంది. కణాలు విభజన చెందినా ఆ గుర్తులు కొనసాగుతాయి. అందుకే చలి తగ్గాక కూడా పూత ఆగదు. ఒక్కో కణంలో ఈ జన్యువు మూతపడితే పూర్తిగా పడుతుంది, లేకుంటే లేదు. చలి రోజులు పెరిగేకొద్దీ మూతపడిన కణాల సంఖ్య పెరుగుతుంది. రెండు మూడు చలి రాత్రులకు ఏమీ కాదు.

జిబ్బరెల్లిక్ ఆమ్లం ముట్టుకోవద్దు. పూత కాడను సాగదీసే హార్మోనే అది! మొక్కను చూడకుండా సీసా చేతికిచ్చే సలహాలు ఇలాగే ఉంటాయి. మూతపడిన జన్యువును తెరిచే పిచికారీ ఏదీ లేదు.

బోరాన్ మీద అనుమానం తీరాలంటే కాండాన్ని నిలువునా కోయండి. లోపల బోలుగా, గోధుమ రంగులో ఉంటే మట్టి పరీక్ష చేయించండి. నత్రజని ఎక్కువైనా కాండం బోలవుతుంది. లోపం తేలితేనే లీటరు నీటికి 2 గ్రా. బోరాక్స్, 15 రోజుల తేడాతో రెండుసార్లు. బోరాన్ విషయంలో చాలినంతకూ విషానికీ మధ్య తేడా బహు తక్కువ, అందాజాగా కొట్టొద్దు.

కాడ వేసిన మొక్కల్ని పీకేయండి. కాడ తుంచినా గడ్డ కట్టదు. గడ్డ పడుతున్నవి గట్టిపడగానే కోయండి, ఆలస్యమైతే లోపలి కాడ గడ్డను చీల్చుకుని వస్తుంది.

ఈసారి 25–30 రోజుల, 4–5 ఆకుల, 3–4 మి.మీ. కాండం ఉన్న నారే నాటండి. పొలం ఆలస్యమయ్యేలా ఉంటే పది రోజుల తేడాతో రెండు మడులు పోసుకోండి, ముదిరిన మడిని వదిలేయండి. చలికి త్వరగా పూతకు రాని రకం ఎంచుకోండి.

విత్తనం నకిలీదైతే చాలావరకు ఆకు తీరులోనే తేడా కనిపించేది. మీ పొలంలో లావు కాండం మొక్కలే ముందు కాడ వేశాయేమో చూడండి, అనుమానం తీరుతుంది. కాడ వేసిన వాటి విత్తనం మాత్రం దాచుకోవద్దు. చలి పెట్టిన గుర్తులు కొత్త విత్తనంలో చెరిగిపోతాయి గానీ, తొందరగా పూతకొచ్చే గుణం వంశంలోనే ఉంటే అది పోదు.