సాయం తీసుకోండి, ఫొటో మాత్రం వద్దనండి

ప్రశ్న: మాది పరకాల. మా బాబు 31వ వారంలోనే పుట్టాడు, బరువు 1,350 గ్రాములు. 18 రోజులుగా హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో ఉన్నాడు. డబ్బులన్నీ అయిపోయాయి. ఒక కంపెనీ డబ్బుతో నడిచే స్వచ్ఛంద సంస్థ వాళ్లు బిల్లులో కొంత కడతామన్నారు. కానీ బాబును ఎత్తుకుని, చెక్కు పట్టుకుని మేమిద్దరం ఫొటో దిగాలట. మా ఆయనకు ఎరువుల దుకాణం ఉంది. ‘ఊరందరికీ ఉద్దెర ఇచ్చేటోణ్ని, నా కొడుకును చూపించి అడుక్కోవాల్నా’ అని ఆసుపత్రికి రావడమే మానేశాడు. నేను గ్రహణం నాడు బయట తిరిగినందుకే ఇట్లయిందని మా అత్తమ్మ అంటోంది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ గ్రహణం మాట మనసులోంచి తీసేయండి. బీపీ పెరగడం, ఇన్ఫెక్షన్, ఉమ్మనీరు ముందే పోవడం లాంటివి నెలలు నిండకుండానే కాన్పు తెస్తాయి. చాలాసార్లు డాక్టర్లకే కారణం దొరకదు. మీరు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

డబ్బు సంగతికి వస్తే, మొదట ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర ఉన్నారేమో చూడండి. బాబు వైద్యం ఆరోగ్యశ్రీ కిందికి వస్తుందా అని అడగండి. ఇప్పుడు కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా పరిమితి ఉంది. అది పోగా మిగిలిన దానికే సంస్థ సాయం.

ఆ సాయం అడుక్కోవడం కాదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గత 3 ఏళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం ఇలాంటి పనులకు ఖర్చు పెట్టాలి. దాన్నే సీఎస్ఆర్ అంటారు. లెక్క చూపాల్సింది వాళ్లు. అందుకు బిల్లు, డిశ్చార్జి కాగితం ఇవ్వండి, న్యాయమే. బిడ్డ ముఖం చూపించమని ఆ చట్టంలో ఎక్కడా లేదు. మంచమంత చెక్కు పట్టించి తల్లిని కెమెరా ముందు నిలబెట్టే ఆ పద్ధతి నాకైతే ఎప్పుడూ నచ్చలేదు.

కాబట్టి సాయానికి సరే అనండి, ఫొటోకు వద్దనండి. వాళ్లిచ్చే ఫారంలో ‘ఫొటోకు, పేరు వాడుకోవడానికి ఒప్పుకోవడం లేదు’ అని తెలుగులోనే రాసి సంతకం పెట్టండి. మరీ పట్టుబడితే బాబు పాదం ఒక్కటే తీసుకోమనండి. ఐసీయూలోకి పదిమంది వస్తే ఇన్ఫెక్షన్ భయం ఎలాగూ ఉంటుంది, డాక్టర్ని కూడా ఆ మాట చెప్పమనండి. డబ్బు నేరుగా ఆసుపత్రి ఖాతాలో పడాలి, రసీదు మీ చేతికి రావాలి. ‘రిజిస్ట్రేషన్ ఫీజు’ అని మిమ్మల్నే ఎవరైనా డబ్బు అడిగితే అక్కడితో మాట ఆపేయండి.

మీ ఆయన కోపంలో సగం పరువు గురించైతే, సగం చేయడానికి పని లేకపోవడం. ఇన్నాళ్లూ అద్దం బయట నిలబడటం, బిల్లు కట్టడం తప్ప ఆయన చేసిందేముంది? కంగారూ కేర్ మొదలుపెట్టొచ్చా అని డాక్టర్ని అడగండి. తండ్రి కూడా చేయొచ్చు. చొక్కా గుండీలు విప్పి, టోపీ, డైపర్ తప్ప ఏమీ లేని బాబును ఛాతీకి ఆనించుకుని, పైన దుప్పటి కప్పుకుని గంటల తరబడి కూర్చోవడమే. బిడ్డకు వెచ్చదనం, ఊపిరి, నిద్ర అన్నీ దానితో కుదుటపడతాయి. ‘రా’ అని బతిమాలకండి. ‘నేను పాలు పిండుకుని వచ్చేదాకా బాబును పట్టుకో, ఇంకెవరున్నారు’ అనండి. అత్తమ్మకూ ఒక వంతు ఇవ్వండి, గ్రహణం సంగతి ఆవిడే మర్చిపోతుంది.

మరో మాట. ఇంత తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు కంటి వెనక రెటీనా పరీక్ష తప్పనిసరి. పుట్టిన 4 వారాల్లోపే జరగాలి. తేడా ఉంటే వెంటనే వైద్యం అందాలి, ఆలస్యమైతే చూపే పోవచ్చు. ఆ ఖర్చు, తర్వాత మళ్లీ మళ్లీ చూపించుకునే ఖర్చు కూడా భరిస్తారా అని సంస్థను అడగండి. అయితే వాళ్ల జవాబు కోసం ఆగొద్దు. మీరు రాసేనాటికే 18 రోజులు, పరీక్ష తేదీ రేపే రాయించుకోండి.