అమ్మాయి పైలట్ అవుతానంటోంది, రెండెకరాలు అమ్మేయమంటారా?

ప్రశ్న: మాది తణుకు దగ్గర పల్లె. మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. పైలట్ అవుతానని పట్టుబట్టింది. ఇంటర్ అవ్వగానే ఫ్లయింగ్‌లో చేర్చాలా, బీటెక్ చదివించి ఆ తర్వాత పంపాలా? రెండెకరాలు అమ్మితే ఫీజుకు సరిపోతుంది. కానీ రాత్రి డ్యూటీలు, ఊరుగాని ఊళ్ళో హోటళ్ళు. రేపు పెళ్ళి, పిల్లలు, సంసారం ఎలా అని వాళ్ళమ్మకు బెంగ. ఏం చేయమంటారు?

జవాబు: మీరు అడిగింది ఇంటరా, బీటెక్కా అని. ఉత్తరంలో సగం మాత్రం పెళ్ళి గురించే ఉంది. బెంగ వాళ్ళమ్మదని రాశారు గానీ, మీది కూడా అదేనని చదివితే తెలిసిపోతోంది. అబ్బాయిల తండ్రులు జీతం ఎంతని అడుగుతారు, అమ్మాయిల తండ్రులు హోటళ్ళ గురించి అడుగుతారు. ఏళ్ళ తరబడి ఇదే చూస్తున్నాను. అందుకే ముందు హోటల్ సంగతి మాట్లాడుకుందాం.

వేరే ఊళ్ళో రాత్రి బస పడితే దాన్ని లేఓవర్ అంటారు. సిబ్బంది అంతా మామూలుగా ఒకే హోటల్లో దిగుతారు, ఎవరి గది వారిది. ఎయిర్‌పోర్ట్‌కు, హోటల్‌కు మధ్య కంపెనీ బండి తిప్పుతుంది. నిజానికి లేఓవర్‌లో వాళ్ళు ఎక్కువగా చేసేది నిద్రపోవడమే.

హైదరాబాద్ బేస్‌గా ఏటీఆర్ (ప్రొపెల్లర్లతో నడిచే చిన్న విమానం) నడిపే కొత్త ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్ రోజు ఎలా గడుస్తుందో చెబుతాను. తెల్లవారుజామున మూడింటికి క్యాబ్ గుమ్మం ముందు ఆగుతుంది. శంషాబాద్ చేరగానే, మద్యం తాగలేదని తేల్చే బ్రెత్ ఎనలైజర్‌లో ఊదాలి. తర్వాత వాతావరణం, ఇంధనం లెక్కలు చూసుకుని రాజమండ్రి వెళ్ళి రావాలి, మళ్ళీ తిరుపతి వెళ్ళి రావాలి. టిఫిన్ కాక్‌పిట్‌లోనే. అదీ కెప్టెన్, ఫస్ట్ ఆఫీసర్ ఒకే రకం తినకూడదని చాలా కంపెనీల్లో నియమం, ఒకరికి వికటించినా రెండోవారు బాగుండాలి కదా. సంక్రాంతి రోజుల్లో గోదావరి మీద పొగమంచు దిగిందంటే రాజమండ్రి పైన చక్కర్లు కొట్టి, రన్‌వే కనబడకపోతే వెనక్కి తిప్పుకు రావాల్సిందే. అన్నీ సవ్యంగా జరిగితే మధ్యాహ్నానికి ఇల్లు చేరుతుంది. పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు అమ్మ ఇంట్లోనే ఉంటుంది, కాకపోతే నిద్రలో.

ఇంట్లోవాళ్ళకు అసలు తలనొప్పి స్టాండ్‌బై రోజు, అంటే ఎప్పుడు పిలిచినా వెళ్ళేందుకు సిద్ధంగా ఉండాల్సిన రోజు. యూనిఫాం ఇస్త్రీ చేసి తగిలించి ఉంటుంది, పెట్టె సర్ది ఉంటుంది, ఫోను స్నానాల గది గట్టు మీద ఉంటుంది. పిలుపు రావచ్చు, రాకపోవచ్చు. ఆ రోజు పక్క ఊళ్ళో మేనత్త కూతురి పెళ్ళికి వెళ్ళి వస్తానంటే కుదరదు. పైగా పండగ సెలవులు ముందు సీనియర్లకు దక్కుతాయి. మొదటి కొన్నేళ్ళూ దీపావళి, ఉగాది మీ అమ్మాయి రోస్టర్‌లోనే (డ్యూటీల పట్టికలోనే) ఉంటాయనుకోండి. దీనికి సర్దుకునే అత్తగారిల్లు దొరుకుతుందా? దొరుకుతుంది. మన దేశంలో పైలట్లలో ఆడవాళ్ళు సుమారు 15 శాతం, ప్రపంచ సగటుకు ఇది చాలా ఎక్కువ. పిల్లలను పెంచుకుంటూ కెప్టెన్లు అయినవాళ్ళు వాళ్ళలో ఎంతోమంది.

గర్భం దాల్చినప్పుడు ఫ్లయింగ్ ఆగుతుంది. చట్టప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది, అయితే పైలట్ ఆదాయంలో కొంత ఎగిరిన గంటల మీద వచ్చేది కనుక ఆ నెలల్లో చేతికొచ్చేది తగ్గుతుంది. తిరిగి వచ్చాక మెడికల్ పరీక్ష, సిమ్యులేటర్ (నేల మీది నమూనా కాక్‌పిట్) చెక్ దాటాలి. కష్టమే, కానీ దారి ఉన్న కష్టం. విశ్రాంతి నిబంధనలు కూడా మునుపటికన్నా గట్టివి. వారానికి 36 గంటలుగా ఉన్న విశ్రాంతిని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 48కి పెంచింది. 2025 డిసెంబరులో ఇండిగో విమానాలు వేలల్లో రద్దయ్యాయి కదా, కొత్త నిబంధనలకు తగ్గట్టు రోస్టర్లు సిద్ధం కాకపోవడమే అందుకు పెద్ద కారణం.

ఇప్పుడు కాస్త కటువుగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. ఇదే అమ్మాయి ఎంఎస్‌కు అమెరికా వెళ్తానంటే అరకోటి లోన్ తీసి పంపేవారు, ఎవరితో ఉంటుంది, రాత్రి ఎన్నింటికి గదికి వస్తుంది అని నాకు ఉత్తరం రాసేవారు కాదు. గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ అన్నా రాసేవారు కాదు. విమానం అనేసరికి పరువు గుర్తొచ్చింది. రెండెకరాలు మాత్రం ఒక్క వాక్యంలో అమ్మేశారు! నన్నడిగితే మీకు టెన్షన్ ఉండాల్సింది అక్కడ.

ఇక్కడ శిక్షణకు అరకోటి పైమాటే. లైసెన్స్ వచ్చాక ఏటీఆర్‌కో, ఎయిర్‌బస్ ఏ320కో టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపేందుకు ప్రత్యేక అర్హత) చేయాలి, దానికి మరికొన్ని లక్షలు. ఎయిర్‌లైన్స్ పేరుతో నడిచే క్యాడెట్ ప్రోగ్రాములకు కోటి దాటుతుంది. ఇప్పుడు అందరి కళ్ళూ వాటి మీదే. నాకు మాత్రం వాటి మీద అంత గురి కుదరడం లేదు. కరపత్రంలో పెద్ద అక్షరాల్లో ఉద్యోగం, ఒప్పందంలో చిన్న అక్షరాల్లో షరతులు. శిక్షణ మధ్యలో ఒక పరీక్ష తప్పినా, కంపెనీ నియామకాలు ఆపినా ఆ హామీ ఏమవుతుందో సంతకం పెట్టక ముందే లాయరుతో చదివించండి. కంపెనీలు కూడా శాశ్వతం కాదు. 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ ఆగిపోయాయి. వాటిలో పనిచేసిన పైలట్లలో నిన్నమొన్న టైప్ రేటింగ్ చేసి, లోన్ కిస్తీలు కడుతున్న కుర్రాళ్ళూ ఉన్నారు. రీల్స్‌లో కెప్టెన్ల నాలుగు గీతల భుజాలు కనిపిస్తాయి గానీ ఈ కిస్తీలు కనిపించవు.

రెండోది కాలం. లైసెన్స్‌కు 200 గంటలు ఎగరాలి, ఏడాదిలో అయిపోతుందని స్కూల్ వాళ్ళు చెబుతారు. వానాకాలంలో రోజుల తరబడి విమానం లేవదు. ఉత్తరాదిలో అయితే శీతాకాలం మంచు. ఒక విమానం రిపేరుకు వెళ్తే పది మంది ఖాళీగా కూర్చుంటారు. రెండేళ్ళు అనుకుని బయల్దేరండి. స్కూల్ చూడటానికి వెళ్ళినప్పుడు హ్యాంగర్‌లో ఎన్ని విమానాలున్నాయని అడగకండి, ఇవాళ ఎన్ని లేచాయని అడగండి. క్యాంటీన్‌లో కూర్చున్న పిల్లలను పట్టుకుని, వంద గంటలు దాటడానికి ఎన్ని నెలలు పట్టిందో కనుక్కోండి. రాయ్‌బరేలీ దగ్గర ఫుర్సత్‌గంజ్‌లోని ప్రభుత్వ అకాడమీకైనా, మన బేగంపేటలోని తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీకైనా ఇదే ప్రశ్న.

లైసెన్స్ వచ్చాక ఉద్యోగం కోసం ఎదురుచూసే కాలం ఇంకొకటి. హైదరాబాద్ పాతబస్తీలో బేకరీ పనివాడి కూతురు సయ్యద సల్వా ఫాతిమా దాతల సాయంతో, ప్రభుత్వ సాయంతో పైలట్ అయింది. ఆమె ఫొటో అందరూ చూశారు. ఆ యూనిఫాం వెనక ఉన్న ఏళ్ళ నిరీక్షణ గురించి తక్కువమందికి తెలుసు. కుటుంబాలు బీటలు వారేది ఆ ఖాళీలోనే. పెళ్ళయిన తర్వాత లేఓవర్ల వల్ల వచ్చే గొడవలకన్నా, లైసెన్స్ చేతిలో పెట్టుకుని ఇంట్లో కూర్చున్న పిల్లతో "నీకోసం పొలం అమ్మాను" అని తండ్రి భోజనాల దగ్గర అనడం వల్ల వచ్చినవే నేను ఎక్కువ చూశాను. ఆ మాట మీ నోట రానక్కర్లేని విధంగా డబ్బు సర్దుకోండి.

అంటే సాహసం లేదని కాదు. మొదటిసారి ఇన్‌స్ట్రక్టర్ దిగిపోయి, ఒంటరిగా ఒక చుట్టు తిరిగి రమ్మంటాడు. పక్క సీటు ఖాళీ. బరువు తగ్గడంతో సెస్నా (శిక్షణకు వాడే చిన్న విమానం) అనుకున్నదానికంటే ముందే నేల విడుస్తుంది. దిగి రాగానే తోటివాళ్ళు బకెట్లతో నీళ్ళు కుమ్మరిస్తారు. తడిసిన బట్టలతో పిల్లలు ఇంటికి చేసే ఫోన్ ఉంటుంది చూడండి, ఆ పూట మీరు ఫోన్ దగ్గరే ఉండండి.

ఇక మీరడిగిన ఇంటరా, బీటెక్కా. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ చాలు, ఎయిర్‌లైన్‌లో సీనియారిటీ చేరిన తేదీ నుంచి లెక్క కడతారు కనుక నాలుగేళ్ళు వదులుకోవడం నష్టమే. రేపు మెడికల్ పోతే చేతిలో డిగ్రీ లేకపోవడమూ నష్టమే. ఇంటర్ అయ్యాక ఫ్లయింగ్, దాంతోపాటు దూరవిద్యలో డిగ్రీ, నా ఓటు దానికే.

కానీ అన్నిటికన్నా ముందు మెడికల్. పైలట్లకు చేసే వైద్య పరీక్షల్లో ముందు క్లాస్ 2, తర్వాత ఇంకా కఠినమైన క్లాస్ 1. కళ్ళద్దాలుంటే పనికిరారన్నది వట్టిమాట, పరిమితిలోని పవర్ అద్దాలతో సరిపోతే చాలు. రంగులు గుర్తించడంలో లోపం ఉంటే మాత్రం దారి మూసుకుపోవచ్చు. క్లాస్ 1 చేతికొచ్చేదాకా ఒక్క రూపాయి అడ్వాన్స్ కట్టకండి, పొలానికి బేరం పెట్టకండి. వచ్చాక కూడా ఒక ఎకరం, మిగిలింది విద్యారుణం. ఫీజు విడతలుగా తీసుకునే స్కూల్లోనే చేర్చండి. రెండో ఎకరం టైప్ రేటింగ్ దాకా మీ పేరు మీదే ఉండాలి. వాళ్ళమ్మగారిని కూడా స్కూల్ చూడటానికి వెంట తీసుకెళ్ళండి, హాస్టల్ గది ఆవిడే చూసుకుంటారు.