పశువైద్యం చదివి మనుషుల ఆరోగ్యం మీద పరిశోధనా?

ప్రశ్న: మా అమ్మాయి గన్నవరంలో బీవీఎస్సీ నాలుగో ఏడాది. రసాయనాలు, విషాలు పశువుల రోగనిరోధక శక్తిని ఎలా దెబ్బతీస్తాయి, వాటివల్ల మనుషులకేమవుతుంది అన్నదాని మీద రీసెర్చ్ చేస్తానంటోంది. డిగ్రీ అవగానే పశువైద్యాధికారి ఉద్యోగానికి రాసుకోక ఇదెందుకని మా టెన్షన్. పైగా రోజూ విషాలతో పని. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, పల్నాడు జిల్లా

జవాబు: ఈసారి అమ్మాయి ఇంటికొచ్చినప్పుడు ‘బర్సా అంటే ఏంటమ్మా?’ అని అడగండి. చనిపోయిన బ్రాయిలర్ కోడిని కోస్తే, వెనక భాగంలో తోక దగ్గర రేగుపండంత సంచి ఒకటి కనిపిస్తుంది. అదే బర్సా. కోడి ఒంట్లో రోగాలతో పోరాడే కణాల్లో ఒక ముఖ్యమైన రకం తయారయ్యేది అక్కడే. బూజు పట్టిన మొక్కజొన్న దాణాగా తిన్న కోళ్లలో ఆ సంచి కుంచించుకుపోతుంది. బూజులోని అఫ్లటాక్సిన్ అనే విషం చేసే పని అది. అలాంటి కోళ్లకు టీకా వేసినా సరిగా పట్టదు. మన ఒంట్లో యాంటీబాడీలు తయారుచేసే బి-కణాలకు ఆ ‘బి’ అక్షరం వచ్చింది కూడా ఈ కోడి బర్సా నుంచే.

అదే అఫ్లటాక్సిన్ 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో వందమందికి పైగా ప్రాణాలు తీసింది. వాళ్లు తిన్నదీ బూజు పట్టిన మొక్కజొన్నే. ఆ ఊళ్లలో కుక్కలూ చనిపోయాయి. ఆ కేసులను పరిశోధించినవాళ్లలో మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలున్నారు. ఇంకో సంగతి. ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో పిల్లల రక్తంలో పీఎఫ్‌ఏఎస్ అనే, త్వరగా విరిగిపోని పారిశ్రామిక రసాయనాలు ఎక్కువున్నకొద్దీ ధనుర్వాతం, డిఫ్తీరియా టీకాలకు వచ్చే యాంటీబాడీలు తక్కువగా ఉన్నాయని 2012లో తేలింది. కోళ్లలో టీకా పట్టకపోవడం చూసిన పశువైద్యురాలికి ఈ మాట ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మీ అమ్మాయి ఆలోచన సరైనదే.

ఇక దారి. ఎంవీఎస్సీకి, అంటే పశువైద్యంలో పీజీకి, ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పీజీ ప్రవేశ పరీక్ష రాయించండి. ఫార్మకాలజీ-టాక్సికాలజీ (మందులు, విషాల శాస్త్రం) తీసుకోవాలా, పాథాలజీనా (రోగం వల్ల అవయవాల్లో వచ్చే మార్పుల శాస్త్రం) అని తను ఊగిసలాడుతూ ఉండొచ్చు. నన్నడిగితే పాథాలజీ అంటాను. విషం లోపలికి వెళ్లి ఏం చేసిందో రోగనిరోధక అవయవాలైన ప్లీహం, థైమస్‌లలో, కాలేయంలో కంటితో చూసి చెప్పగలిగేది పాథాలజిస్టే. కొత్త మందులను, పురుగుమందులను జంతువుల మీద పరీక్షించే ల్యాబులకు, ఆ అవయవాల పల్చటి ముక్కలున్న గాజు స్లైడ్లను మైక్రోస్కోప్‌లో చదివే మనిషి కావాలి. పరిశోధన కుదరకపోయినా ఆ చదువు అన్నం పెడుతుంది. దాంతోపాటు స్టాటిస్టిక్స్ బాగా నేర్చుకోమనండి. మన పిల్లలు చాలామంది తడబడేది అక్కడే.

డబ్బు సంగతి దాచను. ఎంవీఎస్సీ రెండేళ్లు, పీహెచ్‌డీ నాలుగైదేళ్లు. పీహెచ్‌డీకి జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే అందులో మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, ఇంటద్దె భత్యం అదనం. తోటివాళ్లు అప్పటికే ప్రభుత్వ జీతం అందుకుంటూ ఉంటారు. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరూ పోల్చి మాట్లాడకండి, పిల్లలకు అది చాలా గుచ్చుకుంటుంది. పశువైద్యాధికారి ఉద్యోగానికి బీవీఎస్సీ చాలు కాబట్టి, వయోపరిమితి దాటనంతవరకు నోటిఫికేషన్ వచ్చినప్పుడు రాయొచ్చు. వెటర్నరీ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ మాత్రం చేయించుకుని ఉండాలి.

విషాలతో పని అన్నారు. ల్యాబులో కొలిచి, గ్లవ్స్ వేసుకుని, గాలిని బయటకు లాగే పెట్టె లోపల వాటిని ముట్టుకుంటారు. మిరప చేలో ముఖానికి తువ్వాలు చుట్టుకుని మందు కొట్టే మనిషికి ఆ రక్షణ లేదు. నాకు వాళ్ల గురించే ఎక్కువ దిగులు. మీ అమ్మాయి లాంటివాళ్లు పనిచేయాల్సింది కూడా వాళ్ల కోసమే.

తొందరపడి ఏదీ తేల్చకండి. ముందు ఈ సెలవుల్లో ఒక నెల, కాలేజీలోనే పాథాలజీ విభాగంలో కూర్చోమనండి. మీకు వీలైతే ఒకరోజు గన్నవరం వెళ్లండి. మంచి కోడి బర్సా, దెబ్బతిన్న కోడి బర్సా, రెండు స్లైడ్లూ పక్కపక్కన పెట్టి చూపించమని మీ అమ్మాయినే అడగండి.